రెండేళ్ళ నాలుగు నెలలు, ఇంకా మాటలు రావట్లేదు

అమ్మా, మీ బాబు "అమ్మ", "తాత", "పాలు" ఇలా ఆరేడు మాటలే అంటాడనీ, వాళ్ళ నాన్నకీ మూడేళ్ళకి గానీ మాటలు రాలేదు కంగారెందుకని మీ అత్తగారు అంటున్నారనీ, ప్లేస్కూల్ టీచరేమో ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమందనీ రాశారు. అత్తగారి మాట పూర్తిగా తప్పేం కాదు, లేటుగా మొదలుపెట్టి తర్వాత గడగడా మాట్లాడేసే పిల్లలు నిజంగానే ఉంటారు, కానీ మీవాడు ఆ కోవలోవాడా కాదా అన్నది ఇంట్లో కూర్చుని ఎవరమూ తేల్చలేం. రెండేళ్ళకి యాభై దాకా మాటలు, "పాలు ఇవ్వు" అన్నట్టు రెండు కలిపి అనడం ఉండాలని చూస్తారు, కాబట్టి ఇక ఆగకండి.

ముందు చెవి టెస్ట్. గిన్నె పడితే ఉలిక్కిపడుతున్నాడు కదా అని దీన్ని మాత్రం వదిలేయొద్దు, పెద్ద చప్పుళ్ళు వినపడి మాటల్లో సన్నటి శబ్దాలు వినపడని పిల్లలుంటారు, జలుబుకి చెవి లోపల నీరు చేరినా అలాగే అవుతుంది. ఓఏఈ, బెరా అని రెండు వినికిడి పరీక్షలు చేస్తారు, నొప్పేం ఉండదు, బెరాకి మామూలుగా నిద్రపుచ్చాలి కాబట్టి వాడు పడుకునే టైముకి అపాయింట్‌మెంట్ అడగండి.

తర్వాత స్పీచ్ థెరపిస్ట్. వాళ్ళు మాటలు లెక్కపెట్టి వదిలేయరు, మీరు చేత్తో చూపించకుండా "చెప్పులు తే" అంటే తెస్తాడా, కావాల్సింది వేలితో చూపిస్తాడా, కుక్క కనపడితే మీకూ చూపించి మీ మొహం వంక చూస్తాడా, ఇవన్నీ ఆడిస్తూనే గమనిస్తారు. కొత్తచోట పిల్లలు బిగుసుకుపోతారు, అందుకని ఇంట్లో ఆడుకునేటప్పుడు చిన్న చిన్న వీడియోలు తీసి పట్టుకెళ్ళండి. వాడనే మాటలన్నీ రాయండి, ఏ భాషదైనా సరే, నీళ్ళని ప్రతిసారీ "బూ" అంటే అదీ మాటే. ఇదివరకు అన్న మాటలు ఇప్పుడు మానేస్తే మాత్రం ఈ వారమే డాక్టర్‌కి చూపించండి.

తెలుగు మానొద్దమ్మా, దయచేసి. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు, పైగా మీకు మనసులోంచి వచ్చే భాష ఆపేస్తే వాడితో మీరు మాట్లాడేదే తగ్గిపోతుంది.

హైదరాబాద్‌లోనే ఉన్నారు కాబట్టి సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీ (బుద్ధి ఎదుగుదలలో ఇబ్బంది ఉన్నవాళ్ళ కోసం పెట్టిన జాతీయ సంస్థ), అక్కడే వినికిడి, మాట సమస్యలు చూసే అలీ యావర్ జంగ్ సంస్థ సెంటర్ ఉన్నాయి, రెండూ కేంద్ర ప్రభుత్వానివే. ఫోన్ ఇచ్చి పాడుచేశావని మిమ్మల్ని అంటున్నారన్నారు, ఫోన్ తగ్గించండి గానీ ఆ నింద నెత్తినేసుకోకండి. వెళ్ళేటప్పుడు అత్తగారినీ తీసుకెళ్ళండి, పగలంతా వాడితో ఉండేది ఆవిడే, థెరపిస్ట్ అడిగేవాటిలో చాలావాటికి జవాబు ఆవిడకే తెలుస్తుంది.