ఆవంలో కొన్ని పాత్రల్ని మట్టిపెట్టెలో పెట్టి ఎందుకు కాలుస్తారు?

మంట, బూడిద, పొగ నేరుగా తగిలి గ్లేజు (పాత్ర మీది గాజులాంటి పూత) పాడవకూడదని. సాగర్ అనే ఈ మూతపెట్టెను ఫైర్‌క్లేలో (ఎక్కువ వేడిని తట్టుకునే మట్టిలో) కాల్చిన మట్టిపొడి కలిపి చేస్తారు. ఆ పొడి లేకుంటే వేడి మార్పులకు త్వరగా పగులుతుంది. కట్టెల బూడిదలోని క్షారాలు 1200 డిగ్రీల దగ్గర గ్లేజులో కరిగి మచ్చలు వేస్తాయి.

బెంగళూరు పాటరీ టౌన్‌లో చేసే ప్రమిదల్లాంటి గ్లేజు లేని వస్తువులకు సాగర్ అక్కర్లేదు. గ్లేజు వేసిన టీకప్పును కట్టెల ఆవంలో శుభ్రంగా కాల్చాలంటే మాత్రం కావాలి. కప్పు అడుగున గ్లేజు పూర్తిగా తుడిచి, పెట్టెలో అల్యూమినా పొడి (ఆవం వేడికి కరగని తెల్లపొడి) చల్లాలి. ఇది మరిచిపోతే కప్పు పెట్టెకు అతుక్కుపోతుంది, విరగ్గొట్టి తీయాల్సిందే.

సాగర్ వేడిని తగ్గిస్తుందని చాలామంది అనుకుంటారు. తగ్గించదు, లోపలికి ఆలస్యంగా చేరనిస్తుంది. బయట వేడి అందగానే మంట ఆపేస్తే లోపలి గ్లేజు సరిగా కరగదు. ఆ వేడిని కాసేపు నిలపాలి.