గాజు ఇంటికి కెమెరా పట్టే ముందు: పాలమూరు తమ్మునికి లేఖ

నల్లగొండ

తమ్మీ,

బెంగళూరు లాల్‌బాగ్ తోటలోని గ్లాస్‌హౌస్ మీద వ్యాసం రాస్తానన్నావు, ఫొటోలూ నువ్వే తీస్తానన్నావు. చాలా సంతోషం. బెంగళూరు బస్సెక్కే ముందు ఒక్క ప్రశ్నకు జవాబు కాగితం మీద రాసుకో: ఆ గాజు ఇల్లు దేనికి కట్టారు? నువ్వు ఎక్కడ నిలబడాలో, ఏ లెన్స్ పెట్టాలో, ఏ పొద్దున వెళ్లాలో ఆ జవాబే చెబుతుంది.

లండన్ క్యూ తోటలోని పామ్ హౌస్ 1844-48 మధ్య కట్టింది. చలి దేశంలో ఈత, తాటి జాతి చెట్లను బతికించాలి, అదీ దాని పని. ఓడలు కట్టే పద్ధతిని చూసి చేత ఇనుముతో (కొట్టి వంచే ఇనుము) పక్కటెముకలు వంచారు, అందుకే బోర్లించిన పడవలా ఉంటుంది. ఎండకు ఆకులు మాడతాయని మొదట లేత ఆకుపచ్చ గాజు బిగించారు కూడా. లాల్‌బాగ్‌ది వేరే సంగతి. 1851 నాటి లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌ను, అంటే గాజు, ఇనుముతో కట్టిన ప్రదర్శన భవనాన్ని, మనసులో పెట్టుకుని 1889లో దానికి పునాదిరాయి వేశారు. అచ్చుల్లో పోసిన పోత ఇనుము గ్లాస్గో నుంచి వచ్చింది. మొక్కల్ని వెచ్చగా ఉంచడం దాని పని కాదు, అది పూల ప్రదర్శనలకు కట్టిన హాలు. కాబట్టి క్యూ తోటలో ఫొటో అంటే గాజుకు ఆనుకున్న ఆకు, ఆవిరి, ఇరుకు. లాల్‌బాగ్‌లో అయితే స్తంభాల వరస, ఖాళీ నేల, పైనుంచి దిగే వెలుగు. లాల్‌బాగ్‌ను నాలుగు ఆకుల సందులోంచి అడవిలా తీస్తే ఫొటో అందంగానే వస్తుంది, కానీ అది ఆ భవనం గురించి అబద్ధం చెబుతుంది. జనవరి 26, ఆగస్టు 15 ప్రదర్శనల రోజుల్లో పూలూ జనమూ దొరుకుతారు, స్తంభాల మొదళ్లు మాత్రం కనపడవు. కట్టడం కావాలంటే వేరే వారం వెళ్లు.

సాధనకు అంత దూరం అక్కర్లేదు. మీ ఊరి పక్కనే పిల్లలమర్రి ఉంది. మూడెకరాల మర్రి కింద చీకటి, ఊడల సందుల్లో మండే ఆకాశం. గాజు ఇంట్లో ఎదురయ్యే చిక్కు సరిగ్గా ఇదే: పైన తెల్లగా పేలిపోతుంది, కింద నల్లగా మునిగిపోతుంది. కెమెరా పట్టిన వివరమంతా దిద్దకుండా దాచే రా ఫైల్ పెట్టుకో, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందన) 100 లేదా 200, అపెర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్ 8. ముందు ఆకాశం కాలిపోకుండా ఒకటి తియ్యి, తర్వాత 2 స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు) పెంచి ఒకటి, ఇంకో 2 పెంచి ఇంకొకటి. మూడూ తర్వాత సాఫ్ట్‌వేర్‌లో కలిపితే ఊడల మీది బెరడు గరుకు కూడా కనబడుతుంది. గాలి వీస్తుంటే మాత్రం కలపకు. మూడింటిలో ఆకు మూడు చోట్ల ఉంటుంది, కలిపాక దయ్యంలా నీడలు పడతాయి. అప్పుడు ఒక్క ఫొటోయే, వెలుగును బట్టి తియ్యి. చీకటిని తర్వాత కొంతవరకు పైకి లాగవచ్చు, కాలిపోయిన తెలుపు మాత్రం తిరిగి రాదు. ఆ చెట్టుకు చెదలు పట్టి 2018లో సెలైన్ సీసాలతో మందు ఎక్కించాల్సి వచ్చిందని నీకు తెలిసిందే. కంచె ఉన్నచోట కంచె బయటే ఉండు, ఊడల మీద చెయ్యి కూడా ఆనించకు.

ట్రైపాడ్ (మూడు కాళ్ల స్టాండు) చాలా తోటల్లో పెట్టనివ్వరు. పాత జీన్సు కాలు జానెడు కత్తిరించి, కిలో కందులు పోసి రెండు కొసలూ కుట్టుకో. పిట్టగోడ మీద, బెంచీ మీద కెమెరా కదలకుండా కూర్చుంటుంది. కాపలాదారులు మామూలుగా దాన్ని వద్దనరు.

తర్వాత మెట్టు పాలీహౌస్, అంటే పాలిథిన్ కప్పిన పంట ఇల్లు. పాలమూరు ఎండకు మనకు గాజు అక్కర్లేదు. 200 మైక్రాన్ల పాలిథిన్ షీటు ఎండను చెదరగొట్టి మెత్తగా దింపుతుంది, లోపల నీడలు దాదాపు ఉండవు. ఆకు ఈనెలు తీయడానికి అంతకంటే మంచి వెలుగు లేదు. షేడ్‌నెట్ కిందికి వెళితే రెండు చిక్కులు. ఒకటి, ఆకుపచ్చ వల కింద అన్నీ పచ్చబడతాయి, రైతు ముఖంతో సహా. బూడిద రంగు కార్డు పెట్టి మొదటి ఫొటో తీసుకుని వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించే సర్దుబాటు) దాన్ని బట్టి సరిచెయ్యి. అలా సరిచేశాక వల బయటి నేల గులాబీ రంగుకు తిరుగుతుంది, అందుకని బయటిది ఫ్రేములోకి రానీయకు. రెండోది, వల గళ్లూ కెమెరా లోపల వెలుగును పట్టే సెన్సర్ గళ్లూ కలిసి అలలు అలలుగా గీతలు పడతాయి. ఒక అడుగు ముందుకో వెనక్కో జరుగు, చాలావరకు పోతాయి. లోపలికి వెళ్లేటప్పుడు మొదటి తలుపు మూశాకే రెండోది తెరువు, లేకుంటే పురుగు దూరుతుంది. బీడీ తాగిన చేతితో టమాటా, క్యాప్సికమ్ ముట్టుకోవద్దు. పొగాకులోని మొజాయిక్ వైరస్ చేతుల మీదుగానే మొక్కకు అంటుతుంది. ఫొటో కోసం రైతు పంట పాడైతే ఆ ఫొటో మనకెందుకు?

ఇక గీతలు. కొత్తవాళ్ల గాజు ఇళ్లు వెనక్కి పడిపోతున్నట్టు ఉంటాయి. కెమెరా పైకెత్తితే స్తంభాలు పైన దగ్గరికొస్తాయి, కారణం అంతే. కెమెరా నిటారుగా, గోడకు సమాంతరంగా పట్టుకో. పైకప్పు అందకపోతే వెనక్కి నడువు. ఇక వెనక్కి చోటే లేకపోతే కొంచెం ఎత్తి తీసి తర్వాత సాఫ్ట్‌వేర్‌లో నిలబెట్టు. కానీ అందులో అంచులు తెగుతాయి, కాబట్టి నాలుగు వైపులా ఐదో వంతు చోటు వదిలి తియ్యి. ఫోన్ అయితే మరీ వెడల్పుగా చూపే 0.6 లెన్స్ జోలికి పోకు, గ్రిడ్ గీతలు వేసుకుని దూరం నుంచి 2ఎక్స్‌లో తియ్యి. నడవ మధ్యలో నిలబడ్డానని కళ్లతో అనుకోవద్దు, నేల పలకల అతుకు చూసి దాని మీద కాళ్లు పెట్టు. అరడుగు తేడా వచ్చినా రెండు వరసలూ సరిపోలవు.

బయటి నుంచి తీస్తే గాజులో ఆకాశం మెరుస్తుంది. పోలరైజర్ ఫిల్టర్ తిప్పితే ఆ మెరుపు తగ్గుతుంది, అయితే గాజు తలం నుంచి సుమారు 35 డిగ్రీల కోణంలో, ఏటవాలుగా చూస్తున్నప్పుడే. గాజుకు సూటిగా ఎదురుగా నిలబడితే దానివల్ల ఉపయోగం లేదు, పైగా ఒకటిన్నర స్టాపు వెలుగు పోతుంది. మెరిసే ఇనుము మీద అది అసలు పనిచేయదు. లోపలి మొక్కే కావాలంటే లెన్స్ ముందు తొడిగే రబ్బరు హుడ్డు గాజుకు ఆనించు, దాని నీడే ప్రతిబింబాన్ని చంపేస్తుంది. ఫ్లాష్ అసలొద్దు.

ఏసీ గదిలోంచి కెమెరాను తడి వేడి ఉన్న గాజు ఇంట్లోకి నేరుగా తీసుకెళితే లెన్స్ మీద మంచు కమ్మినట్టు ఆవిరి పడుతుంది. గది దాటకముందే జిప్ కవర్లో బిగించి, లోపలికెళ్లాక 20-30 నిమిషాలు అలాగే ఉంచు. ఆవిరి కవరు బయట పడుతుంది, లెన్స్ బాగుంటుంది. తుడిస్తే మళ్లీ పడుతుంది, మరకా మిగులుతుంది.

పాత కట్టడమంటే దూరపు ఫొటోతో పని అయిపోదు. గాజు పలక ఇనుప చట్రంలో కూర్చున్న చోటికి దగ్గరగా వెళ్లు. పుట్టీ ఎండి పగిలి ఉంటుంది. ఆ సందులో నీళ్లు దిగుతాయి, ఇనుము తుప్పుపడుతుంది, తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది, గాజును లోపలి నుంచి నెడుతుంది. మూలలో వెంట్రుకంత పగులు కనిపిస్తే దానికి కారణం చాలాసార్లు అదే. పక్క నుంచి ఎండ పడే వేళ, ఉదయం 8 లోపు తియ్యి. తుప్పు పొరల అంచు, పోత పోసిన ఆకుల నగిషీ రెండూ లేచి కనపడతాయి. మిట్టమధ్యాహ్నం అదే చోటు చదునైన నల్లటి ముద్ద. నీ వ్యాసంలో ఈ ఒక్క ఫొటో పది పొడుగు వాక్యాల పని చేస్తుంది.

తోటల విషయంలో నువ్వు దూరం పోనక్కర్లేదు. సీతాఫలం పువ్వు తియ్యి. మూడే మూడు మందపాటి ఆకుపచ్చ రేకులు, తల వేలాడేసి ఉంటుంది. పైనుంచి చూసేవాడికి అసలు పువ్వే కనిపించదు. నేల మీద కూర్చుని కింది నుంచి చూడు, వెనుక ఆకులు కనీసం నాలుగడుగుల దూరంలో ఉండేట్టు చూసుకో, లేకపోతే పచ్చలో పచ్చ కలిసిపోతుంది. అడుగు వెడల్పు థర్మాకోల్ అట్ట కింద పట్టుకుంటే వెలుగు పువ్వు లోపలికి దూరుతుంది. షట్టర్ వేగం 250వ వంతు సెకను కంటే నెమ్మదిగా పెట్టకు. మా వైపు బత్తాయి తోటలకు వస్తే దాని తెల్ల పూత ఎండలో కాలిపోతుంది, ఎక్స్‌పోజర్ మూడింట రెండు స్టాపు తగ్గించు.

ప్రతి మొక్కకూ ముందు దాని పేరు పలకను ఫొటో తియ్యి, తర్వాతే మొక్కను. పలక లేకపోతే తోటమాలిని అడిగి, ఆయన చెప్పిన పేరు చెప్పినట్టే రాసుకో. మన ఊళ్లలో ఒకే చెట్టుకు మూడు పేర్లుంటాయి, వ్యాసానికి మూడూ పనికొస్తాయి.

పిల్లలమర్రివి పది, పాలీహౌస్‌వి పది పంపు. దిద్దకుండా పంపు. ప్రతి ఫొటో కింద వేళ, నువ్వు నిలబడ్డ చోటు, ఎండ ఏ వైపు నుంచి వచ్చిందో రాయి. అవి చూశాక లాల్‌బాగ్‌కు ఏ లెన్స్ తీసుకెళ్లాలో మాట్లాడుకుందాం. ఇప్పుడే కొత్తది కొనకు.

నీ అన్న