తప్పు చేయకుండానే ‘తప్పైంది’ అన్న రోజు

హాలియా దగ్గరి ఒక ఊరి నుంచి, ఇంట్లోనే జాకెట్లు కుట్టుకొని బతికే ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు రాయవద్దని కోరారు. బతుకమ్మ పండుగకు ముందు పదకొండేళ్ల కూతురినీ, ఆడబిడ్డనూ వెంటబెట్టుకొని నల్లగొండ వెళ్లారు. ఉదయం ఒక దుకాణంలో పాపకు గౌను కొన్నారు. మధ్యాహ్నం మరో పెద్ద బట్టల దుకాణంలో లైనింగ్ గుడ్డ, ఫాల్స్ కొని, బిల్లు కట్టి బయటికి వస్తుండగా గేటు దగ్గరి యంత్రం మోగింది. సెక్యూరిటీ మనిషి అందరి ముందూ సంచి లాక్కొని, ఆమెను వెనుక స్టాకు గదికి తీసుకెళ్లాడు. అక్కడ ఒక పనిమనిషి ఆమె ఒళ్లంతా తడిమి చూసింది. ఒకడు ఫోనులో ఫొటో తీశాడు. ముప్పావు గంట తరువాత తేలింది ఏమంటే, ఉదయం కొన్న గౌను లోపల ఆ మొదటి దుకాణం వాళ్లు తీయడం మరిచిన ప్లాస్టిక్ ట్యాగు ఉంది. “సరే, పోండి” అన్నారు. అంతే. ఇంటికి వచ్చాక భర్త “గా సంచి లోపలికెందుకు పట్కపోయినవ్” అన్నాడు. ఆడబిడ్డ నలుగురిలో చెప్పింది. ఆ తరువాత ఇద్దరు జాకెట్లు కుట్టించుకోవడం మానేశారు. ఒక రాత్రి పాప పక్కలో పడుకొని, “అమ్మా, నువ్వు నిజంగ తియ్యలేదు కదా?” అని అడిగిందట. మరిచిపోవాలా, ఫిర్యాదు చేయాలా అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా,

మీ ఉత్తరంలో నన్ను అన్నింటికంటే ఎక్కువగా ఆపిన వాక్యం మీరు చివరి పేజీలో, కొట్టివేసి మళ్లీ రాసిన వాక్యం. ఆ గదిలో మీరు “తప్పైంది సారూ, ఇడిసిపెట్టుండ్రి” అన్నారు. ఏ తప్పూ చేయకుండా ఆ మాట ఎందుకు అన్నానో తెలియడం లేదని, దొంగ అని వాళ్లు అన్నదానికంటే ఆ మాటే ఎక్కువగా కాలుస్తున్నదని రాశారు. మీ భర్త కూడా దాన్నే పట్టుకొని, “ఏం జెయ్యకపోతె తప్పైందని ఎందుకన్నవ్” అని అడిగారట. ముందు ఈ ముడి విప్పాలి. ఇది విప్పకుండా పోలీసులు, కోర్టులు అని ఎంత చెప్పినా మీకు ఎక్కదు.

మన పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ‘తప్పైంది’ అన్న మాటకు నిఘంటువులో ఉన్న అర్థం ఒకటి, వాడుకలో ఉన్న అర్థం ఇంకొకటి. పొలం గట్టు దగ్గర దొర ముందు, కచేరీలో పట్వారీ ముందు, ఇప్పుడు ఆఫీసులో బల్ల వెనుక కూర్చున్న ఎవరి ముందైనా, ఎదుటివాడి కోపం చల్లార్చి ఆ చోటి నుంచి బయటపడడానికి మన పెద్దలు తరతరాలుగా వాడిన మాట అది. నేరం ఒప్పుకోవడానికి ఆ మాట వాడినవాళ్లు తక్కువ. దెబ్బ తప్పించుకోవడానికి వాడినవాళ్లే ఎక్కువ. మీ అమ్మ వాడి ఉంటుంది, మీ నాయన వాడి ఉంటాడు. తలుపు వేసిన గదిలో, ముగ్గురు మనుషుల మధ్య, బయట పాప ఒంటరిగా నిలబడి ఉందని తెలిసి, మీ నోటికి ముందుగా అందిన మాట అదే. మీ భర్త మిల్లు యజమాని ముందు ఎప్పుడైనా ఆ మాట అనలేదా? ఆయనను ఇరికించడానికి అడగడం లేదు, ఆయనకు అర్థం కావడానికి మీరు అడగవలసిన ప్రశ్న అది.

ఇక ఆ యంత్రం సంగతి. ఇది తెలిస్తే మీ పాపకు జవాబు చెప్పడం సులువవుతుంది. గేటుకు అటూ ఇటూ నిలబెట్టిన ఆ పలకలకు దొంగతనం అంటే ఏమిటో తెలియదు. దుస్తులకు తగిలించిన ట్యాగులో చిన్న తీగచుట్టో, లోహపు పట్టీయో ఉంటుంది. పలకలు పంపే తరంగానికి అది బదులిస్తే మోగుతుంది, లేకపోతే మోగదు. ఒక రకం యంత్రాలు 8.2 మెగాహెర్ట్జ్ దగ్గర, ఇంకొక రకం 58 కిలోహెర్ట్జ్ దగ్గర పని చేస్తాయి. దేశంలో వేలాది దుకాణాలు ఈ రెండు రకాలనే వాడుతున్నాయి కాబట్టి, ఒక దుకాణంలో బిల్లు దగ్గర ఊడదీయడం మరిచిన ట్యాగు ఇంకో దుకాణం గేటు దగ్గర మోగడం వింతేమీ కాదు. సిబ్బందికి అన్నింటికంటే ముందు నేర్పవలసిన విషయం ఇదే. గేటు మోగితే, “అమ్మా, ఎక్కడో ట్యాగు మిగిలినట్టుంది, ఒకసారి బిల్లు, సంచి చూపిస్తారా” అని పక్కకు పిలిచి అడిగితే రెండు నిమిషాల్లో పోయే పని.

అలా ఎందుకు అడగలేదో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అదే గేటు దగ్గర కారు దిగి వచ్చిన వాళ్లకు మోగితే, సెక్యూరిటీ మనిషి నవ్వుతూ చేయి ఊపి పంపించడం నేను నా కళ్లతో చూశాను. దేవరకొండ వైపు తండాల నుంచి వచ్చే ఆడవాళ్లు ఇదే మాట నాతో ఎన్నోసార్లు చెప్పారు: దుకాణంలో అడుగు పెట్టిన దగ్గరి నుంచి ఒక పిల్లవాడు వెనకాలే తిరుగుతాడట. పుట్టుకను బట్టి కొన్ని కులాలను నేరస్థ జాతులుగా రాసిపెట్టిన 1871లో మొదలైన చట్టం 1952లో రద్దయింది గాని, ఆ చూపు ఇంకా కొన్ని గేట్ల దగ్గర కాపలా కాస్తూనే ఉంది. చేతిసంచి, చెప్పులు, మాట యాస చూసి మనిషిని తూచిన తప్పు వాళ్లది.

మీ ఉత్తరంలో మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన సంగతి ఒకటి ఉంది, నాకు అది చాలా విలువైనదిగా కనిపించింది. లోపలికి వెళ్తున్నప్పుడు కూడా గేటు ఒకసారి మోగిందని, గుంపులో ఎవరూ పట్టించుకోలేదని రాశారు. ఆలోచించండి. లోపలికి వెళ్లేటప్పుడే మోగిందంటే, మోగిన వస్తువు బయటి నుంచి వచ్చిందని అర్థం. అది ఆ దుకాణం కెమెరాలో పడి ఉంటుంది. కెమెరాలో శబ్దం రికార్డు కాకపోయినా, చాలా గేట్లకు మోగినప్పుడు వెలిగే ఎర్ర దీపం కనిపించవచ్చు. అయితే ఈ రికార్డులు ఎక్కువ రోజులు నిలవవు, పాతదాని మీద కొత్తది ఎక్కుతూ పోతుంది. అందుకే ఈ ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం వద్దని గట్టిగా చెబుతున్నాను.

చట్టం మీ వైపు ఎంత ఉందో కూడా తెలుసుకోండి. దుకాణం సిబ్బందికి మనిషి ఒళ్లు తడిమి సోదా చేసే అధికారం ఏ చట్టమూ ఇవ్వలేదు. పోలీసులు సోదా చేయవలసి వచ్చినా, ఆడమనిషిని ఆడమనిషే, మర్యాదకు భంగం రాకుండా సోదా చేయాలని చట్టం చెబుతుంది. మామూలు మనిషి ఇంకొకరిని పట్టి ఉంచాలంటే, పోలీసులు, కోర్టులు నడవవలసిన తీరును చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 40వ సెక్షన్ ప్రకారం తన కళ్ల ముందు, పోలీసులు వారంటు లేకుండా పట్టుకోగల, బెయిలుకు వీలులేని నేరం జరిగి ఉండాలి. అప్పుడైనా ఆలస్యం చేయకుండా, ఆరు గంటల లోపు పోలీసులకు అప్పగించాలి. యంత్రం మోగడం కళ్ల ముందు నేరం జరగడం కాదు. పాత శిక్షాస్మృతి స్థానంలో 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో, వెళ్లనీయకుండా అడ్డగించడం 126వ సెక్షన్ కిందా, ఒకచోట నిర్బంధించడం 127వ సెక్షన్ కిందా నేరాలు. రెండవదానికి ఏడాది వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఇవన్నీ చెప్పి మిమ్మల్ని రేపే స్టేషను మెట్లు ఎక్కమనడం లేదు. మీ ఉత్తరం మూడుసార్లు చదివిన తరువాత నాకు తోచింది ఇది: మీరు వాళ్లకు జైలు పడాలని కోరుకోవడం లేదు. “ఈమె ఏమీ తీయలేదు” అన్న ఒక్క మాట ఎవరైనా గట్టిగా, నలుగురికీ వినపడేలా చెప్పాలని కోరుకుంటున్నారు. దొంగ అన్న మాట బజార్లో వినిపించింది, కాదన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. దుకాణం వాళ్లు “సరే, పోండి” అన్నారు, మీ భర్త సంచి గురించి మాట్లాడారు, మీ ఆడబిడ్డ రోడ్డు మీదికి వెళ్లి నిలబడింది. ఆ చెప్పని మాటను చెప్పించుకోవడమే మీ పని. రెండుచోట్ల చెప్పించుకోవాలి, దుకాణం చేత కాగితం మీద, ఇంటివాళ్ల చేత నోటితో.

కాగితం సంగతి ముందు. ఒక పేజీ ఉత్తరం రాయండి. తేదీ, సమయం, లోపలికి వెళ్లేటప్పుడు మోగిన సంగతి, ఎంతసేపు ఏ గదిలో ఉంచారు, ఎవరు తడిమారు, ఫొటో తీసిన సంగతి, ఏమీ దొరకలేదన్న సంగతి వరుసగా రాయండి. రిజిస్టరులో ఏదైనా సంతకం పెట్టించుకొని ఉంటే అది బలవంతం మీద పెట్టినదని అందులోనే రాయండి. ఆ రోజు కెమెరా రికార్డును చెరపకుండా ఉంచాలని, మీ ఫొటో తీసివేసి ఆ సంగతి రాసి ఇవ్వాలని, మీ దగ్గర తమ వస్తువేదీ దొరకలేదని, జరిగినదానికి క్షమాపణ చెబుతున్నామని దుకాణం పేరున్న కాగితం మీద పదిహేను రోజుల్లో ఇవ్వాలని అడగండి. తిట్లు, శాపాలు వద్దు. రెండు దుకాణాల బిల్లుల నకళ్లు జత చేసి, అందినట్టు రసీదు తిరిగి వచ్చేలా పోస్టులో పంపండి. మేనేజరుకు ఒకటి, యజమానికి ఒకటి.

నా అనుభవంలో ఇలాంటి ఉత్తరానికి సగం మంది యజమానులు దిగివస్తారు. మిగిలిన వాళ్లు వకీలు కాగితం వెళ్తే గాని కదలరు. దానికి మీరు డబ్బు పెట్టవలసిన అవసరం లేదు. ఆదాయం ఎంతైనా ఆడవాళ్లకు ఉచిత న్యాయసహాయం పొందే హక్కును 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ఇచ్చింది. నల్లగొండలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి, లేదా 15100కు ఫోను చేయండి. నిర్బంధానికి గాని పరువు నష్టానికి గాని పరిహారం కోరుతూ దావా వేయాలంటే ఏడాది లోపు వేయాలి కాబట్టి, ఆ గడువు మాత్రం గుర్తుంచుకోండి. పోలీసు ఫిర్యాదు ఇవ్వాలా వద్దా అన్నది వకీలుతో మాట్లాడి మీరే తేల్చుకోండి. “స్టేషనుకు పోతె ఇంకా బజార్ల పడ్తం” అన్న మీ భర్త భయాన్ని నేను కొట్టిపారేయను, కానీ మీరు ఇప్పటికే బజార్లో పడ్డారు, ఇప్పుడు తేలవలసింది అక్కడి నుంచి ఎలా బయటికి రావాలన్నదే.

ఇంటి సంగతి ఇంతకంటే కష్టం. మీ భర్తతో మాట్లాడేటప్పుడు ఆ రోజు తగాదాను తిరగదోడకండి. “సంచి నాతోటి ఉండనిచ్చింది ఆ గేటు మనిషే, వద్దంటె సామాన్ల కౌంటర్ల పెడ్తుంటి. నువ్వు నన్ను నమ్ముతున్నవని బిడ్డ ముందర ఒక్కసారి చెప్పు, నాకు గంతే గావాలె” అని అడగండి. ఆయన కోపంలో ఎక్కువ భాగం ఆ సమయానికి తాను అక్కడ లేననే ఉక్రోషమని నా అనుమానం. మగవాళ్లు చాలామంది దాన్ని పెండ్లాం మీదకే మళ్లిస్తారు. ఆడబిడ్డ సంగతికి వస్తే, ఆమె మీద నాకు మీకున్నంత కోపం లేదు. తననూ దొంగ అంటారేమోనన్న భయంతో ఆమె బయటికి వెళ్లింది, ఆ సిగ్గును కప్పిపుచ్చుకోవడానికి కథను పెద్దది చేసి చెప్పింది. దుకాణం కాగితం వచ్చిన రోజు ఆమెను పిలిచి చదివించండి. ఊళ్లో చెప్పిన నోటితోనే మళ్లీ చెప్పే బాధ్యత ఆమెది.

జాకెట్లు మానేసిన ఆ ఇద్దరి ఇళ్లకు మీరు వెళ్లి సంజాయిషీ ఇవ్వకండి. కత్తిరించగా మిగిలిన పట్టు ముక్కను కూడా చుట్టి తిరిగిచ్చే చేయి మీదని రాశారు. అది ఊరందరికీ తెలుసు. దుకాణం ఇచ్చిన కాగితం మీ కుట్టుమిషను పక్కన గోడకు ఉంటే చాలు.

దుకాణాల గేట్లు చూస్తేనే గొంతు ఎండుతున్నదని, చేతులు అందరికీ కనిపించేలా పట్టుకొని నడుస్తున్నానని రాశారు. ఆ శబ్దాన్నీ ఆ అవమానాన్నీ మనసు కలిపి కట్టేసింది. వెళ్లడం మానేస్తే ఆ కట్టు బిగుస్తుంది. ముందు ఊళ్లో కిరాణా కొట్టు, తరువాత హాలియా అంగడి, ఆ తరువాత నల్లగొండలో గేటున్న మరో దుకాణం, ఎవరో ఒకరిని తోడు తీసుకొని, చేతులు మామూలుగా వదిలి నడవండి. నెల దాటినా నిద్ర పట్టకపోతే, ఆ గది కలలోకి వస్తుంటే, 14416కు ఫోను చేయండి. టెలి మానస్ అనే ప్రభుత్వ సేవ అది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

చివరగా పాప. “తియ్యలేదు కదా” అని అడిగినందుకు మీరు గోడవైపు తిరిగి ఏడ్చారట. పాప మిమ్మల్ని అనుమానించి అడగలేదమ్మా. పెద్దవాళ్లంతా అంత గట్టిగా అన్నప్పుడు అది నిజమే అయి ఉంటుందేమోనన్న గాభరాతో, మీ నోటి నుంచి కాదని వినాలని అడిగింది. ‘తప్పైంది’ అన్న మాట తలుపు అవతల తనకూ వినపడి ఉండవచ్చు. “నేను తియ్యలేదు బిడ్డా. భయమై గట్ల అన్న” అని రెండు ముక్కల్లో చెప్పండి, దాచకండి.

ఆ గౌను ఇంకా ట్యాగుతోనే అలమరలో ఉందని, పాప ముట్టుకోవడం లేదని రాశారు. మంచిదే, దాన్ని తీయకండి. బిల్లు పక్కన పెట్టి ఫొటోలు తీసుకోండి, వకీలు చూసేదాకా అలాగే ఉంచండి. ఆ అవసరం తీరాక, పాపను వెంటబెట్టుకొని ఆ మొదటి దుకాణానికే వెళ్లండి. కౌంటరు దగ్గర పనిచేసే పిల్లవాడు ట్యాగును అయస్కాంతం మీద పెట్టి టక్కున ఊడదీయడం పాప దగ్గరుండి చూడాలి, కావాలంటే ఆ ప్లాస్టిక్ ముక్కను ఒకసారి చేతిలోకి తీసుకొని చూడనివ్వండి. తరువాత ఆ గౌను వేసుకోవాలా వద్దా అన్నది తననే తేల్చుకోనివ్వండి.