ఫైర్‌వాల్‌లో ఓఎస్‌పీఎఫ్ పెట్టేముందు ఓసారి చదువు

తమ్ముడూ,

బ్రాంచికి రెండో ఐపీసెక్ టన్నెల్ (ఇంటర్నెట్ మీదుగా గుప్తంగా పోయే లింకు) వేశాక స్టాటిక్ రూట్లు (చేత్తో రాసే దారులు) పీకేసి ఓఎస్‌పీఎఫ్ (బాక్సులు దారులు తమంతట తామే నేర్చుకునే ప్రోటోకాల్) పెడతానన్నావుగా, పెట్టు, లైన్ పడినప్పుడల్లా అర్ధరాత్రి లేచి రూట్లు మార్చే గోల తప్పుద్ది. కాకపోతే ఇది రౌటర్ కాదు, పీఎఫ్‌సెన్స్ ఫైర్‌వాల్, రూల్ లేకపోతే హలో ప్యాకెట్‌ని (అవతలి బాక్సుని పలకరించే ఓఎస్‌పీఎఫ్ ప్యాకెట్) కూడా గడప తొక్కనివ్వదు. ఓఎస్‌పీఎఫ్‌కి పోర్టు ఉండదు, ఐపీ ప్రోటోకాల్ 89 అది, హలోలు 224.0.0.5కి పోతాయి, కాబట్టి ఐపీసెక్ ట్యాబ్‌లో రూల్ రాసేటప్పుడు ప్రోటోకాల్ దగ్గర ఓఎస్‌పీఎఫ్ అనే సెలెక్ట్ చెయ్యి.

నైబర్ (ఓఎస్‌పీఎఫ్ మాట్లాడే అవతలి బాక్సు) అసలు కనిపించకపోతే రూల్, ఏరియా నంబర్, కీ (పాస్‌వర్డ్), హలో, డెడ్ టైమర్లు (మామూలుగా 10, 40 సెకన్లు) రెండు వైపులా కలిశాయా చూడు. కనిపించి ఎక్స్‌స్టార్ట్‌లో (రూట్ల సమాచారం మార్చుకోబోయే దశ) వేలాడుతుంటే మాత్రం దాదాపు ఎప్పుడూ ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) తేడానే, ఇగ్నోర్ ఆప్షన్ ఉంది కదా అని టిక్కు కొట్టి వదిలెయ్యకు, రెండు చివర్లా ఒకే నంబర్ పెట్టు. ల్యాన్‌ని పాసివ్ చెయ్యి (అటు హలోలు పోకుండా), రౌటర్ ఐడీ (ఓఎస్‌పీఎఫ్‌లో ఈ బాక్సు గుర్తు) చేత్తో ఇచ్చెయ్యి.

ఇక అసలు తలనొప్పి. నైబర్ ఫుల్ (సమాచారం మార్చుకోవడం పూర్తయింది) అని చూసి చాలామంది ల్యాప్‌టాప్ మూసేస్తారు, కానీ కాస్ట్ (దారికిచ్చే నంబర్, తక్కువున్న దారికే మొగ్గు) అనేది ఏ బాక్సు నుంచి బయటికి పోయే ట్రాఫిక్‌కి ఆ బాక్సులోనే లెక్క. నువ్వు మొదటి టన్నెల్‌కి 10, రెండోదానికి 20 పెట్టి, అవతల వాళ్లు తిరగేసి పెట్టారనుకో, వెళ్లేది ఒక దారి, వచ్చేది ఇంకో దారి. రౌటర్‌కి అది పట్టదు. మనది స్టేట్ (ఏ కనెక్షన్ ఎటు మొదలైందో) గుర్తుపెట్టుకునే బాక్సు, మొదలు చూడని కనెక్షన్ ప్యాకెట్లని ఆపేస్తుంది, పైగా ఆ రెండు టన్నెళ్లు వేరే వేరే ఫైర్‌వాల్స్ మీద దిగుతుంటే ఇంక చెప్పక్కర్లేదు. పింగ్ హాయిగా పోతుంది, పేజీ సగం లోడయ్యి ఆగిపోతుంది, యూజరేమో ఇంటర్నెట్ స్లో అంటాడు. లాగ్ తెరిస్తే బ్లాక్ అయినవాటి పక్కన టీసీపీ:ఏ, టీసీపీ:పీఏ (కనెక్షన్ మధ్యలోని ప్యాకెట్లు) అని వరసగా ఉంటాయి, టీసీపీ:ఎస్ (కనెక్షన్ మొదలుపెట్టేది) ఒక్కటీ ఉండదు. అవి కనిపించాయంటే రూల్స్ జోలికి పోకు, రెండు వైపులా కాస్ట్‌లు సరిచెయ్యి.

పాత స్టాటిక్‌లు మొదటే తీసెయ్యకు, అవి ఉన్నంతసేపు పెద్దపీట వాటికే కాబట్టి నైబర్లు లేచినా ట్రాఫిక్ కదలదు, భయం లేదు. నేర్చుకున్న రూట్లన్నీ చూసుకున్నాక ఒక్కొక్కటే తీస్తూ పో, బ్రాంచిలో కన్సోల్ దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టి మరీ.

అన్న