"నీళ్లు కావాలా" అన్నది ఎవరి మాట?

పిల్లలూ మాటలూ: పాఠకుల ప్రశ్నలకు గుంటూరు బ్రాడీపేటలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న స్పీచ్ థెరపిస్ట్ జవాబులు

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్లు నిండాయి. నిరుడు ఆటిజం అని చెప్పారు. చెవుల పరీక్ష కూడా చేయించాం, వినికిడి బాగుంది. వారానికి మూడు రోజులు స్పీచ్ థెరపీకి తీసుకెళ్తున్నాను. వాడు బొమ్మలు ముట్టుకోడు. వంటింట్లోంచి స్టీలు డబ్బాల మూతలు తెచ్చి హాల్లో గోడ వారగా వరసగా పేరుస్తాడు. ఒక్కటి కదిలినా గుక్కపెట్టి ఏడుస్తాడు. "నీళ్లు కావాలా?" అని అడిగితే "నీళ్లు కావాలా" అని అదే మాట తిప్పి చెబుతాడు. రోజుకి పదిసార్లు "దయచేసి వినండి" అంటూ రైల్వేస్టేషన్ ఎనౌన్స్‌మెంట్ చదువుతాడు. అవి మాటలే కావు, మాన్పించండి అంటున్నారు కొందరు. ఇంట్లో నేనేం చేయాలి?
— ఒక తల్లి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అమ్మా, ముందు ఆ నీళ్ల సంగతి చూద్దాం. మీ బాబు మీకు జవాబు చెబుతూనే ఉన్నాడు. గ్లాసు చేతికొచ్చిన ప్రతిసారీ వాడి చెవిన పడిన మాట "నీళ్లు కావాలా". గ్లాసూ ఆ మాటా ఎప్పుడూ జంటగానే వచ్చాయి. అందుకే దాహమేస్తే వాడి నోట ఆ మాటే వస్తుంది. 1943లో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ ఆటిజం ఉన్న 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంలోనే ఈ సంగతి ఉంది. "అవును" అనాల్సిన చోట వాళ్లు ప్రశ్ననే మళ్లీ చెబుతారని ఆయన గమనించాడు. ఇలా తిప్పి చెప్పడాన్ని మేం ఎకోలాలియా అంటాం. చాలాకాలం దీన్ని చిలకపలుకులని కొట్టిపారేశారు. 1980ల్లో అమెరికా స్పీచ్ థెరపిస్ట్ బారీ ప్రిజంట్ లాంటి వాళ్లు పిల్లలను దగ్గరగా గమనించి, ఆ తిప్పి చెప్పడంలోనే అడగడం, ఒప్పుకోవడం, తన వంతు మాట కలపడం ఉన్నాయని చూపించారు. కాబట్టి మాన్పించకండి. అది వాడికున్న భాష.

మన తెలుగులో ఇంకో చిక్కు ఉంది. ఇంగ్లీషు పుస్తకాల్లో ఈ పిల్లలు నేను అనే చోట నువ్వు అంటారని రాస్తారు. మనం "నేను", "నువ్వు" చాలాసార్లు అననే అనం. ఆ తేడా అంతా క్రియ చివర దాక్కుని ఉంటుంది. తింటావా, తింటాను. వస్తావా, వస్తాను. కావాలా, కావాలి. చివర్లో ఒక చిన్న చప్పుడు మారితే మాట ఎవరిదో మారిపోతుంది. పెద్దవాళ్లం రోజంతా "తింటావా, పడుకుంటావా, ఇదేంటి, అదేంటి" అని ప్రశ్నలే వేస్తుంటే, వాడు అనాల్సిన రూపం వాడికి ఎక్కడ వినబడుతుంది?

అందుకని వాడి వంతు మాట మీరు అనండి. గ్లాసు వాడి కళ్లకు ఎదురుగా పట్టుకుని "నీళ్లు కావాలి" అనండి. ఒక్క క్షణం ఆగి, ఇచ్చేయండి. అన్నం ముద్ద పట్టుకుని "తింటాను". చెప్పులు తీసి "బయటికి వెళ్దాం". వాడు అనేదాకా నీళ్లు ఇవ్వకుండా కూర్చోబెట్టమని కొందరు చెబుతారు. నేను ఒప్పుకోను. దాహంతో ఉన్న పిల్లవాడు మాట నేర్చుకోడు, ఏడుపు నేర్చుకుంటాడు. నెలలు పట్టొచ్చు, విసుగు పడకండి. ఒక పూట ఫోన్లో పది నిమిషాలు మీ మాటలు రికార్డు చేసుకుని ఎన్ని ప్రశ్నలు వేశారో లెక్కపెట్టుకోండి. మా దగ్గరికొచ్చే తల్లులందరికీ నేను ఇచ్చే మొదటి పని ఇదే.

"దయచేసి వినండి" సంగతి. వాడిని స్టేషన్ వైపు ఎవరు తీసుకెళ్తారో మీరు రాయలేదు. తాతయ్యో, నాన్నో, ఎవరైనా సరే, ఆ మాటకి వాడి మనసులో ఒక అర్థం ఉంటుంది. రైళ్లు చూడాలనో, బయటికి పోవాలనో, లేదా ఇంట్లో గోల ఎక్కువైందనో. చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. ఎప్పుడన్నాడు, అప్పుడు ఏం జరుగుతోంది, ఏం చేస్తే ఊరుకున్నాడు. రెండు వారాలు రాస్తే మీకే తెలిసిపోతుంది. రైళ్లే అయితే "రైలు చూద్దాం" అని చిన్న మాట అందించండి. కుదిరినప్పుడు నిజంగానే చూపించండి.

ఇక మూతలు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఇలాంటి వరసలు చెరిపేసి, పిల్లల చేతిలో బొమ్మకారు పెట్టేదాన్ని. ఆ సెషన్లన్నీ ఏడుపుతోనే గడిచాయి. ఆ పిల్లలను తలుచుకుంటే నాకిప్పటికీ బాధగా ఉంటుంది. ఇప్పుడు నేనూ నేల మీద కూర్చుంటాను. మీరు కూడా టీవీ ఆపి, వాడికి ఎదురుగా, మీ ముఖం వాడి కంటి ఎత్తులో ఉండేలా కూర్చోండి. మీ మూతలతో మీరూ ఒక వరస పేర్చండి. వాడు చేసిందే చేయండి. రెండు మూడు రోజులకి ఓరగా మీ వరస వైపు చూస్తాడు. ఆ చూపు కోసమే ఇదంతా. ఒకే వస్తువును ఇద్దరూ కలిసి చూడటం మాటకి పునాది. తర్వాత మూతలన్నీ మీ ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్కటే అందించండి, "మూత" అంటూ. ఒకసారి అందించకుండా ఆగి, మనసులో అయిదు లెక్కపెట్టండి. చెయ్యి చాపినా, మీ వైపు చూసినా అది అడిగినట్టే, వెంటనే ఇచ్చేయండి.

ఆ పైన ఒక్క చిన్న మార్పు చేయండి. మూతని గిన్నె మీద పెట్టి "అన్నం ఉడుకుతోంది" అనండి. ఏడిస్తే మళ్లీ వరసకే వెళ్లిపోండి, రేపు చూడొచ్చు. అమెరికాలో కోనీ కసారి అనే పరిశోధకురాలి బృందం మూడు, నాలుగేళ్ల వయసున్న 58 మంది ఆటిజం పిల్లలతో ఇలాంటి పనే చేసి 2006లో ప్రచురించింది. కలిసి చూడటం, ఊహించి ఆడటం నేర్పిన పిల్లల్లో ఏడాది తర్వాత భాష కూడా ఎక్కువగా పెరిగింది.

మా గదికి ఒక అయిదేళ్ల పాప నీళ్లసీసా మూతలు గుప్పిట్లో పట్టుకుని వచ్చేది. నాలుగు నెలలు నేనూ మూతలే పేర్చాను. ఒకరోజు ఒక మూత నా పెదాల దాకా తెచ్చి "కాఫీ తాగుతారా" అంది. వాళ్లమ్మ ఇంటికొచ్చిన వాళ్లను అడిగే మాట అది, ఆ "తారా"తో సహా. నేను తాగాను. ఆ రోజు ఎన్నిసార్లు తాగానో లెక్కలేదు.

బొమ్మలు కొనాలనిపిస్తే కొండపల్లి మీకు దగ్గరే. దశావతారాల సెట్టు వరస పేర్చడానికి బాగుంటుంది, రోట్లో దంచే ఆడమనిషి బొమ్మ ఊహించి ఆడటానికి పనికొస్తుంది. నోట్లో పెట్టుకునే అలవాటుంటే మాత్రం రంగు వేసిన బొమ్మలు వద్దు. వాడికి ఒళ్లు ఊపడం ఇష్టమైతే ఉప్పుమూట ఆడండి. వీపు మీద ఎక్కించుకుని "ఉప్పమ్మా..." అని ఆగండి. తర్వాత మాట వాడికి వదిలేయండి. రోజుకి రెండుసార్లు, పదేసి నిమిషాలు చాలు.

ప్రశ్న: నేను రిటైరైన టీచర్ని. మనవరాలికి మూడున్నరేళ్లు, ఆటిజం. రెండు భాషలైతే తికమకపడుతుంది, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండని థెరపీ సెంటర్‌లో చెప్పారు. నా భార్యకు ఇంగ్లీషు రాదు. పాపతో మాట్లాడటమే మానేసింది.
— పట్టాభిపురం, గుంటూరు

జవాబు: మాస్టారూ, ఈ ఉత్తరం చదివి నాకు రాత్రి నిద్ర పట్టలేదు. అమ్మగారిని ఈరోజే మాట్లాడమనండి. తెలుగులోనే. రెండు భాషలు వినే ఆటిజం పిల్లలకు అందువల్ల అదనంగా ఆలస్యం జరగలేదని కెనడాలో హాంబ్లీ, ఫాంబోన్ అనే పరిశోధకులు 75 మంది పిల్లల మీద చేసి 2012లో ప్రచురించిన పరిశోధన చెబుతోంది. గారం చేయడం, బుజ్జగించడం, అలిగితే బతిమాలడం మనకు వచ్చిన భాషలోనే సహజంగా వస్తాయి. వచ్చీరాని ఇంగ్లీషులో "కమ్, సిట్, ఈట్" అనే మూడు ఆజ్ఞలు తప్ప పాపకి ఏం వినబడుతుంది? ఫోన్లో విని పాప "యాపిల్", "రెడ్" అంటే సంతోషించండి, వద్దనకండి. పాప ఒళ్లో ఉన్నప్పుడు అమ్మగారు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ "కాయ తుంచాను, గిన్నెలో వేశాను" అంటే చాలు, అది మంచి పాఠం.

ప్రశ్న: మా అబ్బాయికి ఆరేళ్లు, ఒక్క మాటా రాలేదు. బొమ్మల కార్డులు వాడమంటున్నారు. కార్డు అలవాటైతే ఇక మాట్లాడడేమోనని టెన్షన్.
— ఒక తండ్రి, తెనాలి

జవాబు: భయపడకండి బాబూ. కార్డులు మాటను ఆపవు. ఇలాంటివి వాడిన పిల్లల మీద వచ్చిన పరిశోధనలను 2006లో ఒకచోట చేర్చి చూస్తే, మాట తగ్గిన దాఖలా లేదు, ఎక్కువమందిలో కొంచెం పెరిగింది కూడా. బజారులో దొరికే చార్టు కొనకండి. మీ ఇంట్లో గ్లాసు, వాడు తినే బిస్కెట్టు, మీ స్కూటర్ ఫొటోలు తీసి ప్రింటు వేయించండి. వాడు కార్డు తెచ్చి చేతిలో పెట్టగానే "స్కూటర్ ఎక్కుతాను" అని వాడి తరఫున మీరు అని, ఒక చిన్న రౌండు తిప్పి తీసుకురండి.