డాక్టర్ సలహా: రిపోర్టులన్నీ నార్మల్.. మరి ఈ బాధ ఎందుకు?

ప్రశ్న: నా వయసు 46. ఎనిమిది నెలల కిందట మావారికి పక్షవాతం వచ్చి కుడి చేయి, కాలు పడిపోయాయి. డిగ్రీ చదివే కొడుకు, పక్క వీధిలో మరిది ఉన్నా అన్నీ నేనే చూసుకుంటున్నాను. రాత్రి రెండు గంటలకోసారి లేచి ఆయన్ని పక్కకు తిప్పి పడుకోబెడతాను. మూడు నెలలుగా మెడ పట్టేస్తోంది. కడుపులో మంట, గుండె దడ. పడుకున్నా నిద్ర రావడం లేదు. ఈసీజీ, థైరాయిడ్, షుగర్, రక్తపరీక్షలు అన్నీ నార్మల్ అన్నారు. 'నీకు జబ్బేమీ లేదు కదా' అంటున్నారు ఇంట్లోవాళ్లు. ఒక్కోసారి బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడుస్తున్నాను. నాది జబ్బా, భ్రమా?
- ఒక సోదరి

జవాబు: భ్రమ కాదమ్మా. మీ రిపోర్టులూ నిజమే, మీ బాధా నిజమే.

నర్సింగ్ విద్యార్థులకు తొలి పాఠాల్లోనే ఒక తేడా చెబుతారు. వైద్యుడు పరీక్షించి పేరు పెట్టేది జబ్బు. మనిషి అనుభవించేది అనారోగ్యం. బీపీ బాగా ఎక్కువగా ఉన్నా ఏ బాధా తెలియకుండా తిరిగేవారు ఎందరో ఉన్నారు. మీది దానికి తిరగేసిన పరిస్థితి. ఆరోగ్యమంటే జబ్బు లేకపోవడం ఒక్కటే కాదు, శరీరం, మనసు, నలుగురితో కలిసి సాగే జీవితం మూడూ బాగుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1948 నుంచీ చెబుతూనే ఉంది. మీకు ఆ మూడూ దెబ్బతిన్నాయి.

హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త ఎలుకల మీద ప్రయోగాలు చేసి, చలి అయినా గాయమైనా మితిమీరిన శ్రమ అయినా శరీరం దాదాపు ఒకే తీరులో స్పందిస్తుందని 1936లో ప్రకటించారు. మొదట ఉలిక్కిపడుతుంది, తర్వాత తట్టుకుంటుంది, కష్టం తీరకపోతే చివరికి అలసిపోతుంది. మీ ఉత్తరంలో ఈ వరుస కనిపిస్తోంది. మొదటి ఐదు నెలలు మీకు ఏ బాధా లేదు. అన్నాళ్లూ మీ శరీరం అప్పు చేసి నెట్టుకొచ్చింది. ఇప్పుడు ఆ అప్పు మెడనొప్పిగా, దడగా బయటపడుతోంది. ప్రమాదానికి సిద్ధం కమ్మని చెప్పే అడ్రినలిన్ అనే హార్మోను పదేపదే విడుదలైతే గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. ఆయన కాస్త దగ్గినా లేవాలన్న ధ్యాసతో పడుకుంటే గాఢనిద్ర ఎలా వస్తుంది?

ఆస్పత్రిలో ఏ రోగినీ ఒకే నర్సు ఎనిమిది నెలలు రాత్రింబవళ్లు చూసుకోదు. షిఫ్టు దిగే నర్సు, వచ్చిన నర్సును మంచం దగ్గరకు తీసుకెళ్తుంది. ఎన్నింటికి పక్కకు తిప్పారు, ఏ మాత్ర వేశారు, ఇంకా ఏది వేయాలి, వీపు మీద ఎక్కడైనా ఎర్రబడిందా.. అన్నీ చెప్పి, రాసిన పుస్తకం అప్పగించి ఇంటికి వెళ్తుంది. మీ ఇంట్లో లేనిది ఈ అప్పగింతే. 'నేను చేసినట్టు ఇంకెవరూ చేయలేరు' అనే మాట మీలాంటి తల్లుల దగ్గర తరచూ వింటాను. ఆ పనులన్నీ మీ తలలోనే ఉన్నప్పుడు ఇంకొకరు ఎలా చేస్తారు? ఒక నోటుపుస్తకం తీసుకోండి. మందుల వేళలు, తిప్పే వేళలు రాయండి. తిప్పేటప్పుడు పడిపోయిన చేతిని పట్టి లాగకూడదని, భుజం వెనక, తుంటి వెనక చేతులు పెట్టి తిప్పాలని రాయండి. ఒకసారి మీ ఎదుటే మీ అబ్బాయితో, మరిదితో చేయించండి. ఒకేచోట ఒత్తిడి పడి పుండ్లు పడకుండా చూసే గాలి పరుపు (ఎయిర్ బెడ్) వాడితే రాత్రి ఎన్ని గంటలకోసారి తిప్పితే సరిపోతుందో మీవారి వైద్యుణ్ని అడగండి.

మిమ్మల్ని ధ్యానం చేయమని చాలామంది చెప్పి ఉంటారు. అది మంచిదే, కానీ నిద్రలేని మనిషికి మొదట ధ్యానం చెప్పడం నాకు నచ్చదు. ఒత్తిడిని ఎదుర్కొనే దారులు రెండని లాజరస్, ఫోక్‌మన్ అనే మనస్తత్వవేత్తలు 1984లో వివరించారు. ఒకటి, కష్టాన్నే తగ్గించుకోవడం. రెండోది, అది రేపే బాధను తట్టుకోవడం. మీరు రెండో దారిలోనే, అదీ ఒంటరిగా నడుస్తున్నారు. ఏడవడంలో తప్పు లేదు. కుళాయి చప్పుడు చాటున కాకుండా, అక్కో చెల్లెలో స్నేహితురాలో ఎవరో ఒకరి ముందు ఏడవండి.

కొన్ని జాగ్రత్తలు. నిద్రమాత్రలు సొంతంగా కొని వేసుకోవద్దు. ఛాతీలో బరువు, దవడకో చేతికో పాకే నొప్పి, చెమటలు, ఆయాసం ఉంటే పాత ఈసీజీ నార్మల్ కదా అని ఆగకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. రెండు వారాలకు మించి దేనిమీదా ఆసక్తి లేకపోతే మానసిక వైద్యుణ్ని కలవండి. బతకాలని లేదనిపిస్తే అదే క్షణం ఇంట్లో ఎవరికైనా చెప్పండి, మానసిక సాయం అందించే టెలి మానస్ 14416కు ఫోను చేయండి. ప్రభుత్వ సేవ, ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

ఈ శనివారం రాత్రి పుస్తకం మీ అబ్బాయి చేతికిచ్చి వేరే గదిలో తలుపు వేసుకుని పడుకోండి. మెలకువ వచ్చినా లేచి చూడటానికి వెళ్లకండి. అతను ఒక అరగంట ఆలస్యంగా తిప్పినా మీవారికి నష్టమేమీ లేదు.