పాలసీ రాయాలంటే ముందు కరెంటు బిల్లు చదవాలి

ప్రశ్న: మా అమ్మాయి సివిల్ ఇంజినీరింగ్ ఫైనలియర్. భవనాల్లో కరెంటు వాడకం, కార్బన్ తగ్గించే పాలసీల మీద పనిచేస్తానంటోంది. ఇందులో ఉద్యోగాలుంటాయా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఉంటాయండీ. కాకపోతే ‘పాలసీ నిపుణులు కావలెను’ అని పేపర్లో ప్రకటన పడదు. గ్రీన్ బిల్డింగ్ కన్సల్టెన్సీలు, పరిశోధన సంస్థలు, ప్రభుత్వ శాఖలకు సాయపడే కాంట్రాక్టు పోస్టులు వెతుక్కోవాలి. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ వాళ్లంత రాదు. సంబంధాలు చూసేటప్పుడు ఈ ఉద్యోగమేంటో వివరించడం మీకు ఇంకో టెన్షన్!

పెద్ద వాణిజ్య భవనాలకు ఈసీబీసీ (ఎనర్జీ కన్జర్వేషన్ బిల్డింగ్ కోడ్) అనే కరెంటు పొదుపు నిబంధనల కోడ్ 2007లో వచ్చింది, 2017లో మారింది. ఇళ్లకు అలాంటిదే ఎకో నివాస్ సంహిత 2018లో వచ్చింది. కాగితం మీద కోడ్‌కు కొదవ లేదు, చిక్కంతా అమలులోనే. గోడ, అద్దం, ఏసీ లెక్కలు సరిగ్గా ఉన్నాయో లేదో ప్లాన్ చూసి చెప్పేవాళ్లు కావాలి. ‘ఖర్చు పెరుగుతుంది’ అనే బిల్డరుకు, ఎన్నేళ్లలో తిరిగొస్తుందో అంకెల్లో చూపాలి. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ పాలసీనే తీసుకోండి. 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు చల్లని పైకప్పు (ఎండ వేడిని వెనక్కి కొట్టేది) తప్పనిసరి, అంతకన్నా చిన్నవాటికి ఐచ్ఛికం. గీత 600 దగ్గరే ఎందుకు, 200 దగ్గర గీస్తే ఏమవుతుంది? మీ అమ్మాయి చేయబోయే పని ఇలాంటి ప్రశ్నలకు లెక్కకట్టి జవాబు చెప్పడమే.

అందుకే డిగ్రీ అవగానే పాలసీ కోర్సులో చేర్చొద్దని నా సలహా. రెండు మూడేళ్లు ఎనర్జీ మోడలింగ్ (భవనం ఎంత కరెంటు వాడుతుందో కంప్యూటర్‌లో లెక్కకట్టడం), ఎనర్జీ ఆడిట్ (కరెంటు ఎక్కడ వృథా అవుతోందో తనిఖీ చేయడం) పనుల్లో సైట్లు తిరగనివ్వండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ పెట్టే ఎనర్జీ ఆడిటర్ పరీక్షకూ ఇంజినీర్లకు మూడేళ్ల అనుభవం అడుగుతారు. పీజీ చేస్తానంటే అహ్మదాబాద్‌లోని సెప్ట్ యూనివర్సిటీలో బిల్డింగ్ ఎనర్జీ పెర్ఫార్మెన్స్ కోర్సు ఉంది. దగ్గర్లో కావాలంటే హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో బిల్డింగ్ సైన్స్ పరిశోధన జరుగుతోంది. ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ ప్రధాన కార్యాలయమూ హైదరాబాద్‌లోనే ఉంది, ఇంటర్న్‌షిప్ గురించి అడిగి చూడమనండి.

అన్నట్టు, ఎనర్జీప్లస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. మీ ఇంటినే అందులో మోడల్ చేసి, డాబాకు తెల్లరంగు వేస్తే ఏసీ ఎన్ని యూనిట్లు తక్కువ లాగుతుందో తేల్చమనండి. సరిచూసుకోవడానికి పన్నెండు నెలల కరెంటు బిల్లులు కావాలి. అవి వెతికివ్వడం మీ వంతు.